నోటి మాట చెల్లదు

"ఆగు!"

వాడు ఆగడు.

ముందు నల్ల జాకెట్. వెనక ఆమె. మధ్యలో వరసలుగా పేర్చిన పైపులు, చీకటి.

నల్ల జాకెట్ చేతిలో ఫోన్ వెలుగుతోంది. ఆమె మెసేజ్ టైప్ చేస్తుండగానే లాక్కున్నాడు. ఆఫీసు క్యాబిన్ మెట్ల మీద... ఎవరో లైటు ఆర్పారు... చేతి మీద ఒక్క దెబ్బ... అంతే!

పరిగెడుతూనే వాడు బొటనవేలితో స్క్రీన్ తడుముతున్నాడు.

ఎందుకు?

లాక్ పడకూడదని!

వీడికి కావలసింది ఫోన్ కాదు. ఆ ఫోన్‌లోంచి వెళ్లే మాట.

కాలికి కేబుల్ తగులుతుంది. బోర్లా పడుతుంది. మోకాలు కంకర మీద గీరుకుపోతుంది. తలెత్తేసరికి లైట్లు లేని పికప్ వ్యాన్ ఒకటి... తలుపు దబ్బున మూసుకున్న చప్పుడు... దుమ్ము.

పోయాడు!

ఆ ఫోన్ ఆమెది కాదు. ప్రాజెక్టుది. ఇటు పైప్‌లైన్ వేసే కాంట్రాక్టు కంపెనీ, అటు గ్యాస్ ప్లాంట్. ఇటువాళ్లు అటువాళ్లతో నేరుగా మాట్లాడకూడదు. అటువాళ్లూ అంతే. మధ్యలో ఒక్క నంబర్, ఒక్క మనిషి. ఇంగ్లీషులో దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ అంటారు. అది ఆమె ఉద్యోగం. సైట్‌లో అందరూ ఆమెను పాయింట్ మేడమ్ అంటారు.

తెరవమని ఆ నంబర్ నుంచి వస్తే ప్లాంట్‌లో వాల్వ్ తెరుస్తారు. మూయమని వస్తే మూస్తారు. ఎందుకని అడగరు. అడగకూడదని నేర్పింది ఆమే.

ఆ వాల్వ్‌కి అవతల గ్యాస్ ఉంది.

ఇవతల కొత్త పైపు ఉంది. మనిషి పాకేంత పైపు. దాని లోపల ఇప్పుడు ఒక వెల్డర్ బోర్లా పడుకుని అతుకు సరిచేస్తున్నాడు.

ఆ వెల్డర్ ఆమె బావ. సొంత అక్క మొగుడు.

ఆ సంగతి సైట్‌లో ఎవరికీ తెలియదు. ఆమే తెలియనివ్వలేదు.

హెడ్‌లైట్లు మొహం మీద పడతాయి. సైట్ జీపు. డ్రైవర్ తల బయటపెడతాడు. జుట్టు నెరిసినా నోరు నెరవని మనిషి.

"ఏంటి పాయింట్ మేడమ్, చీకట్లో వ్యాయామమా?"

"బాబాయ్! ప్లాంట్ కంట్రోల్ రూమ్‌కి పద!"

"మోకాలు చూడండి, రక్తం..."

"పోనివ్వు బాబాయ్!"

జీపు ఎగిరి దూకుతుంది. ముందు అద్దం కింద పెట్టిన డ్రైవర్ ఫోన్ టింగుమంటుంది.

ఆమె చూస్తుంది. ప్రాజెక్టు గ్రూపు. అందులో రాయగలిగేవి రెండే నంబర్లు. ఇటు నుంచి ఆమె ఫోన్, అటు నుంచి కంట్రోల్ రూమ్. మిగతా సైట్ అంతా చదువుకోవాలి, అంతే.

'నమస్కారం. కొత్త లైన్‌లో పని పూర్తయింది. లోపల మనుషులు లేరు. తాళం తీసి వాల్వ్ తెరవగలరు. దయచేసి సహకరించండి.'

ఆమె ఇంకోసారి చదువుతుంది.

దయచేసి సహకరించండి... ఆమె రోజూ రాసే మాటలే! నమస్కారం దగ్గర్నుంచి చివరి చుక్క దాకా అన్నీ ఆమెవే. ఆమె మెసేజ్‌లు రోజూ చదివేవాడెవడో రాశాడు.

"అబ్బో! కొంపలు మునిగినట్టు పరిగెడుతూ కూడా నమస్కారం మర్చిపోలేదే!" డ్రైవర్ నవ్వుతాడు.

"అది నేను పెట్టలేదు బాబాయ్."

నవ్వు ఆగిపోతుంది.

"మరి లోపల..."

"ఉన్నాడు. మనిషి ఉన్నాడు!"

డ్రైవర్ ఫోన్ ఆమె ఒళ్లో పడేస్తాడు. "పైపు దగ్గర కాపలావాడి నంబర్ ఉంది, కొట్టండి."

మోగుతోంది... మోగుతోంది... ఎత్తడు. పైపులోకి వెళ్లేవాళ్లు ఫోన్ బయట పెట్టే వెళ్లాలి. బావకి కొట్టి లాభం లేదు.

"కంట్రోల్ రూమ్‌కి కొట్టండి మరి!"

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టేస్తుంది.

"ఏం?"

"మోగదు బాబాయ్. ఆ ఒక్క నంబర్ నుంచి తప్ప ఇంకెవరు కొట్టినా మోగకుండా చేయించాం."

"ఎవరు చేయించారు?"

"నేనే."

డ్రైవర్ గేరు మారుస్తాడు. అతను ఏమన్నా అని ఉంటే బాగుండుననిపిస్తుంది ఆమెకి.

ఎవరు? ఎవరు రాశారు?

మధ్యాహ్నం బావ క్యాబిన్ కిటికీ దగ్గరికొచ్చాడు. కాలిన చేతుల చొక్కా, మెడలో మసిబట్టిన తువ్వాలు. లోపలికి రాలేదు. వస్తే ఆమెకి ఇబ్బంది అని అతనికి తెలుసు.

"మేడమ్," అన్నాడు. ఆ పిలుపులో ఎప్పుడూ చిన్న నవ్వు దాక్కుని ఉంటుంది. మొదటి రోజు అన్నం డబ్బా పట్టుకుని నేరుగా క్యాబిన్‌లోకి వచ్చేశాడు. ఎవరతను అని ఒక ఇంజనీర్ అడిగితే, సైట్ మనిషి అంది. ఆ సాయంత్రం ఇంట్లో, పళ్లెం వైపు చూస్తూ, "అక్కడ నన్ను మేడమ్ అను బావా, అందరూ అలాగే అంటారు," అంది. అక్క చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. బావ మాత్రం పకపకా నవ్వాడు. "చిత్తం మేడమ్! పచ్చడి వేయమంటారా మేడమ్?"

ఆ తర్వాత అన్నం డబ్బా రాలేదు.

ఇవాళ కిటికీ దగ్గర మాత్రం అతను నవ్వలేదు. "పైపు లోపల పక్కగోడకి కన్నం ఉంది మేడమ్. బయటి వైపు చిన్న గొట్టం అతికించి మట్టి కప్పేశారు. మన డ్రాయింగ్‌లో లేదు. లైన్ నడిచాక ఎవడో అక్కడ్నుంచి గ్యాస్ లాగేసే ఏర్పాటు. ప్లాంట్ వాళ్లకి రాయండి."

ఆమె రాయలేదు. ముందు సార్‌కి చెప్పింది. ప్రాజెక్టు మేనేజర్. ఆమెకి ఈ కుర్చీ ఇచ్చిన మనిషి.

"మంచి పని చేశావు తల్లీ. ఇప్పుడే రాయకు, నేను చూసుకుంటా. ఎవరు చూశారు?"

"ఒక వెల్డర్ సార్."

"నీకు కావలసినవాడా?"

"ఎవరూ కాదు సార్. ఒట్టి వెల్డర్."

జీపు గుంతలో పడి లేస్తుంది. ఆమె చెవులు కాలిపోతున్నాయి. ఒట్టి వెల్డర్! ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది! సార్ అప్పుడు తల ఊపాడు, హమ్మయ్య అన్నట్టు.

ఆ ఊపు ఇప్పుడు అర్థమవుతోంది.

కన్నం సంగతి తెలిసింది ముగ్గురికి. చూసినవాడు పైపులో ఉన్నాడు. చెప్పినది జీపులో ఉంది. ఇక మిగిలింది...

"సార్!" అంటుంది పైకే.

"సారేంటి?"

"సారే బాబాయ్!"

పొద్దుగూకాక మనసు ఊరుకోక, సార్ వద్దన్నా సరేనని మెట్ల మీద కూర్చుని ప్లాంట్‌కి రాయడం మొదలుపెట్టింది. అప్పుడే లైటు ఆరింది. కాస్త ముందు రాసి ఉంటే...

జీపు కీచుమని ఆగుతుంది.

కంట్రోల్ రూమ్. మందపాటి గాజు. లోపల వరసగా స్క్రీన్‌లు. మధ్యలో ప్యానెల్ ఆపరేటర్, ముక్కు చివర కళ్లద్దాలు, ఆమె తండ్రి కంటే పెద్దవాడు. తలుపు తెరుచుకోదు. ఆమె రెండు చేతులతో గాజు బాదుతుంది.

"ఆపండి! ఆ మెసేజ్ నాది కాదు!"

గోడ మీది స్పీకర్ గరగరమంటుంది. "నంబర్ మీదే మేడమ్."

"ఫోన్ లాక్కుపోయారు!"

"అయితే ఆ సంగతి ఆ ఫోన్ నుంచే రావాలి."

"ఎదురుగా నిలబడ్డాను కదండీ! నా మొహం తెలియదా?"

"తెలుసు. మొహం చెల్లదు మేడమ్. నోటి మాట చెల్లదు. ఈ గది నిండా మనుషులుండగా నన్ను నిలబెట్టి చదివించారు కదా."

ఆమె చెయ్యి గాజు మీదే ఉండిపోతుంది.

పోయిన నెల ఒక ఫిట్టర్ పరిగెత్తుకొచ్చి, చెయ్యి ఇరుక్కుంది, పంపు ఆపమని ఈ గాజే బాదాడు. ఈయన ఆపాడు. చెయ్యి దక్కింది. ఆమె మాత్రం రిపోర్టు రాసింది: పాయింట్ ద్వారా రాని మాట మీద పంపు ఆపారు. సార్ మెచ్చుకున్నాడు. ఈయనను అందరి ముందూ నిలబెట్టి రూల్ చదివించారు. చదువుతుంటే ఆయన కళ్లద్దాలు జారిపోయాయి. సరిచేసుకోలేదు.

అప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"తాళం తీయడానికి మనిషి బయల్దేరాడు," అంటుంది స్పీకర్. "ఏమన్నా ఉంటే మెసేజ్ పెట్టండి."

"లోపల మనిషి ఉన్నాడండీ!"

"ఎవరు?"

ఆపరేటర్ వెనక కుర్ర ఇంజనీర్లు లేచి చూస్తున్నారు. సెక్యూరిటీ గార్డు దగ్గరికొస్తున్నాడు. జీపు దగ్గర్నుంచి డ్రైవర్ చూస్తున్నాడు.

"మా... మా బావ."

"బావా? మీకిక్కడ చుట్టాలెవరూ లేరన్నారే?"

"ఉన్నాడు. ఆ వెల్డర్... మా అక్క మొగుడు. మసి చొక్కా వేసుకుంటాడని..." గాజుకి నుదురు ఆనిస్తుంది. "సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. నన్ను తర్వాత ఎంతైనా తిట్టండి. తెరవకండి!"

లోపల ఎవరో కిసుక్కున నవ్వుతారు. "మంచి సీనే!"

గార్డు మోచెయ్యి పట్టుకుంటాడు. "రండి మేడమ్, ఇక్కడ గొడవొద్దు."

"తెరవకండి!"

ఆపరేటర్ తల స్క్రీన్ వైపు తిప్పుకుంటాడు.

అయిపోయింది.

గార్డును తోసేసి ఆమె మళ్లీ పరిగెడుతుంది. జీపు అప్పటికే తిరిగి నిలబడి ఉంది.

"పైపు దగ్గరికేనా?" డ్రైవర్ అడుగుతాడు.

"అక్కడికే."

డ్రైవర్ జీపును ముందుకి దూకిస్తాడు. తర్వాత రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంటాడు. "మీ బావతో రోజూ టీ తాగుతా నేను. ఒక్కసారి కూడా చెప్పలేదు, దొంగ సచ్చినోడు."

"నేనే వద్దన్నా బాబాయ్."

"అదే అంటున్నా. వద్దంటే మాత్రం ఇంత గుట్టా?"

ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంటుంది.

మట్టికట్ట వెనక పైపు కనపడుతుంది. "ఇక్కడే ఆపు! ఇంజన్ కట్టెయ్. లైట్లూ ఆర్పెయ్. గ్యాస్ వచ్చిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నేను పిలిచేదాకా తాళం తిప్పకు."

చీకట్లో ఒక్కతే దిగుతుంది.

కాపలా మనిషి కుర్చీ తలకిందులుగా పడి ఉంది. మనిషి లేడు. లోపలికి గాలి కొట్టే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. పైపు మూతికి ఇనుప మూత!

బిగించేశారు. బయటి నుంచి.

లోపల... టక్. టక్.

బతికున్నాడు!

మూతని పట్టి ఉంచిన క్లాంపులు బిగుసుకుపోయాయి. రాయి తీసుకుని కొడుతుంది. గోళ్లు విరుగుతాయి. ఒకటి వదులవుతుంది... ఇంకోటి... మూత కింద పడుతుంది. పొగ మొహం మీద కొడుతుంది. తల లోపలికి దూర్చి పాకుతుంది. చెయ్యికి బూటు తగులుతుంది. లాగుతుంది. దగ్గు. మళ్లీ లాగుతుంది.

బావ బయటికి జారి నేల మీద పడతాడు. మొహమంతా మసి. నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. కళ్లు తెరిచి ఆమెను చూస్తాడు.

"మేడమ్... మీరెందుకొచ్చారు?"

"బావా, లే! పద, గ్యాస్ వదులుతున్నారు!"

అతను కంగారుగా అటూ ఇటూ చూస్తాడు. ఆ దగ్గులోనే గొంతు తగ్గిస్తాడు.

"మెల్లగా... బావా అంటున్నావ్. ఎవరన్నా వింటారు."

ఆమెకి అక్కడే నేల విచ్చుకుంటే బాగుండుననిపిస్తుంది. చావు అంచు నుంచి ఇవతలికి లాగితే అతను మొదట కాపాడింది ఆమె పరువు!

"విననీ," అంటుంది. భుజం కింద చెయ్యి వేసి లేపుతుంది.

"విన్నాలే తల్లీ."

మట్టికట్ట పక్క నుంచి సార్. ఇస్త్రీ నలగని చొక్కా. ఒక చేతిలో నల్ల జాకెట్ తెచ్చిచ్చిన ప్రాజెక్టు ఫోన్, వెలుగుతూ. ఇంకో చేతిలో పిస్తోలు!

"ఎవరూ కాదన్నావుగా? ముందే చెప్పుంటే వాణ్ణి ఇంకో సైట్‌కి పంపేవాణ్ణి. ఇంతదాకా వచ్చేది కాదు."

అది అబద్ధం కావచ్చు. అయినా కత్తిలా దిగుతుంది.

"సార్, అతన్ని వదిలేయండి."

"వదిలేస్తే ఆ కన్నం సంగతి ప్లాంట్‌కి చెప్తాడు. ఆ కన్నం వెనక నేనొక్కణ్ణే కాదమ్మా, చాలామంది ఉన్నారు." ఫోన్ ఎత్తి చూపిస్తాడు. "తెరవమన్నది ఎవరు? నువ్వు. లోపల మనిషి ఉండగా తెరిపించింది ఎవరు? నువ్వు. అన్నిటికీ జవాబుదారీ ఒక్క మనిషే ఉండాలని నేనెందుకు పట్టుబట్టాననుకున్నావ్? నీ తెలివి చూసి కుర్చీ ఇచ్చాననుకున్నావా?"

అవును. అలాగే అనుకుంది. అక్కకి కూడా అలాగే చెప్పుకుంది.

పిస్తోలు లేస్తుంది.

"కాల్చండి!" ఆమె అరుస్తుంది. "వాల్వ్ తెరవమంది మీరేగా? ఈపాటికి పైపు నిండుతూ ఉంటుంది. మూత నేనే తీశాను. ఒక్క రవ్వ... అంతే, మీరూ మాతోపాటే!"

పిస్తోలు గాల్లో ఆగుతుంది.

సార్ పైపు నోటి వైపు చూస్తాడు. నల్లగా తెరుచుకుని ఉంది. నుదుటి మీద చెమట మెరుస్తుంది. ఒక అడుగు వెనక్కి... ఇంకో అడుగు...

"నడువు బావా," ఆమె గుసగుసలాడుతుంది. "ఆగకు."

కదులుతారు. జీపు అల్లంత దూరంలో, చీకట్లో చీకటిలా ఉంది. ఇంజన్ ఆపి ఉంది. ఆమె చెప్పింది కాబట్టి.

టింగ్!

సార్ చేతిలో ఫోన్.

అతను చూస్తాడు. కనుబొమలు ముడిపడతాయి. విచ్చుకుంటాయి. చదవడం మొదలుపెడతాడు, పిల్లలకి పాఠం చెప్పినంత నిదానంగా.

"'పాయింట్ గారికి కంట్రోల్ రూమ్ నుంచి. లోపల మనిషి ఉన్నాడని నోటి మాటగా తెలిసింది. తాళం తీయించలేదు. వాల్వ్ తెరవలేదు. లైన్‌లో గ్యాస్ లేదు. దయచేసి నిర్ధారించగలరు.'"

ఆమె ఆగిపోతుంది.

ఆపాడు! ఆ పెద్దాయన నమ్మాడు! మళ్లీ అదే తప్పు చేశాడు, ఆమె కోసం. చేసి, ఆమె నేర్పిన ప్రకారం ఆ ఒక్క నంబర్ పేరునే గ్రూపులో కబురు పెట్టాడు!

"లైన్‌లో గ్యాస్ లేదట తల్లీ." సార్ నవ్వుతాడు. "ఎంత మర్యాదగా అడిగాడో చూడు! నిర్ధారిద్దాం."

పిస్తోలు బావ వైపు తిరుగుతుంది.

చీకట్లో ఇంకో టింగ్!

జీపులో. డ్రైవర్ ఫోన్. అదే గ్రూపు, అదే మెసేజ్. లైన్‌లో గ్యాస్ లేదు!

ఇంజన్ గర్జిస్తుంది!

లైట్లు భగ్గుమంటాయి. సార్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. జీపు మట్టికట్ట ఎక్కి దూకి...

దభీ!

ఫోన్ ఒకవైపు ఎగురుతుంది. మనిషి ఇంకోవైపు పడతాడు. దుమ్ము. రేడియేటర్ బుస్సుమంటుంది.

డ్రైవర్ తలుపు తన్ని దిగుతాడు. "మీరు పిలవకుండానే తాళం తిప్పేశా మేడమ్! రిపోర్టు రాయకండి!"

బావకి నవ్వొస్తుంది. నవ్వు దగ్గులో కలిసిపోతుంది. జీపుకి వీపు పెట్టి నేల మీద కూర్చుంటాడు.

ఆమె వంగి ఫోన్ తీస్తుంది. స్క్రీన్ పగిలింది. వెలుగు ఉంది. 'దయచేసి నిర్ధారించగలరు.' కంట్రోల్ రూమ్ ఇంకా జవాబు కోసం చూస్తోంది.

నమస్కారం రాయదు. దయచేసి రాయదు.

'లోపల ఉన్నది మా బావ. బయటికొచ్చాడు. తెరవమన్నది నేను కాదు, మా ప్రాజెక్టు మేనేజర్. నోటి మాట మీద ఆపినందుకు మీ కాళ్లకి దండం.'

పంపుతుంది.

తర్వాత దూరంగా క్యాబిన్‌లలో, గేటు దగ్గర, క్యాంపులో... టింగ్. టింగ్. సైట్ సైటంతా చదువుతోంది.

ఆమె మొహం భగభగమంటోంది. తల దించుకోదు.

"ఏం రాశావే?" బావ అడుగుతాడు.

చెప్పబోతుంది. అతని భుజం మీదుగా... జీపు ముందు చక్రం పక్కన... మట్టిలో ఒక చెయ్యి కదులుతోంది. దేనికోసమో తడుముతోంది.

దొరికింది!

పిస్తోలు గొట్టం లేస్తుంది. బావ వీపు వైపు. డ్రైవర్ అటు చూడటం లేదు. బావకి తెలియదు. అరిస్తే వినేలోపు...

ఎవరికీ కబురు పెట్టే టైం లేదు.

అడ్డం దూకుతుంది.

ఢాం!

ఇన్నాళ్లూ ఏదొచ్చినా ఆమె దగ్గరికి వచ్చి, ఆమెను దాటి ఇంకొకరి దగ్గరికి పోయేది.

ఇది దాటలేదు.